పచ్చజ్వరం టీకా – ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు

దక్షిణాఫ్రికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలలో వ్యాపారరీత్యానో, బంధువుల కోసమో కెన్యా, ఉగాండా, నైజీరియా వంటి దేశాలలో కొన్నాళ్ళు బస చేసి, అటునుంచి అటే మాతృదేశానికి ప్రయాణం కట్టేవారు ఉంటారు. అటువంటివారికి ఒక చిన్న పసుపుపచ్చ పుస్తకం బాగా పరిచయం. పాస్‌పోర్టు, వీసా అన్నీ సవ్యంగా ఉన్నా ఆ పుస్తకం చేతిలో లేకపోతే, భారతదేశపు విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం అక్కడి ఆరోగ్యాధికారులకు ఉంది. సామాన్లు బంధువుల ఇంటికి, మనిషి క్వారంటైనుకు!

ఆ పుస్తకంలో ముద్ర పడాలంటే వేయించుకోవలసిన సూదిమందు ఎల్లో ఫీవరుకు, అనగా పచ్చజ్వరానికి టీకా. దానికి మూలమైన క్రిమి పేరు 17-డి. దానిని తయారుచేసిన శాస్త్రజ్ఞుడు మన ప్రిటోరియాలో పుట్టినవాడు. ఈ సంగతి మన పిల్లలలో చాలామందికి తెలియదు. ఆయన కథ చెప్పడం ఈ వ్యాసపు ఉద్దేశం. ఐతే ఆయనొక్కడి కథ చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఏ టీకా అయినా చివరికి ఆరోగ్యంగా ఉన్న మనిషి చేతిలోకి ఎక్కించి చూడవలసిందే. అలా చేతులు అప్పగించినవారెవరు, వారిని ముందుగా అడిగారా అన్నది కూడా చరిత్రలో భాగమే.

పచ్చజ్వరం దోమకాటు వల్ల వస్తుంది. మొదట జ్వరం, నడుమునొప్పి, వాంతులు. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది. కొందరికి ఒక రోజు తెరిపి ఇచ్చి మళ్ళీ తిరగబెడుతుంది. అప్పుడు కాలేయం దెబ్బతిని కళ్ళు, ఒళ్ళు పచ్చబడతాయి, నెత్తురు కలిసిన నల్లని వాంతులు అవుతాయి. ఆ దశకు చేరినవారిలో సగం మంది వరకు బ్రతకరు. ఆఫ్రికా ఖండపు ఉష్ణప్రాంతాలలో పుట్టి, బానిసల ఓడలతో అమెరికా ఖండానికి పాకిన వ్యాధి ఇది. విచిత్రమేమంటే దీనిని మోసే దోమ మన ఆంధ్రదేశంలో వీధి వీధికీ ఉంది, వ్యాధి మాత్రం భారతదేశంలో ఇంతవరకు అడుగుపెట్టలేదు. అందుకే అక్కడి అధికారులకు అంత పట్టింపు.

దోమే ఈ జ్వరాన్ని మోస్తుందని క్యూబా దేశపు వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. 1900లో అమెరికా సైన్యం వాల్టర్ రీడ్ అధ్యక్షతన ఒక వైద్యబృందాన్ని హవానాకు పంపింది. ఆ బృందంలోని వైద్యులు ముందు తమమీదే పరీక్ష చేసుకున్నారు. జేమ్స్ కారల్ దోమచేత కుట్టించుకుని చావు తప్పి బయటపడ్డాడు. జెస్సీ లాజియర్ ఆ సెప్టెంబరు 25న మరణించాడు. తరువాత ఆయన పేరుతోనే ఊరిబయట ఒక శిబిరం వేశారు. అక్కడ రోగుల మలిన వస్త్రాలు, పక్కబట్టలు నింపిన గదిలో ఒక వైద్యుడు, ఇద్దరు సైనికులు ఇరవై రాత్రులు పడుకున్నారు. దుర్గంధం భరించారుగాని ఒక్కరికీ జ్వరం రాలేదు. దోమలు కుట్టినవారికి వచ్చింది. దానితో వాదం తేలిపోయింది.

ఆ శిబిరంలోనే మనవారు తప్పక తెలుసుకోవలసిన ఒక కాగితం పుట్టింది. అమెరికన్ సైనికులతోపాటు అప్పుడే స్పెయిన్ నుండి కూలికోసం వచ్చిన యువకులను కూడా పరీక్షకు తీసుకున్నారు. వారికి స్పానిష్ భాషలో ఒక ఒప్పందపత్రం ఇచ్చారు. తన వయస్సు 25 సంవత్సరాలు దాటిందనీ, ఇష్టపూర్వకంగానే ఒప్పుకుంటున్నాననీ, జ్వరం వస్తే ప్రాణానికి అపాయమని తెలుసుననీ అందులో సంతకం చేయాలి. పరీక్షకు 100 డాలర్ల బంగారం, జ్వరం వస్తే మరో 100, చనిపోతే ఆ సొమ్ము తాను చెప్పిన మనిషికి. మనుషులమీద చేసిన పరీక్షల చరిత్రలో ఇటువంటి వ్రాతపూర్వకమైన ఒప్పందం ఎన్నదగిన మొదటివాటిలో ఒకటి. కిస్సింజర్, మోరన్ అనే ఇద్దరు సొమ్ము వద్దని చెప్పి మరీ ముందుకు వచ్చారు.

ఈ కాగితం సంగతి చదివినప్పుడు మరొక కాగితం గుర్తుకు రాక తప్పదు. 1860 నుండి 1911 వరకు సుమారు లక్షా యాభైరెండు వేలమంది భారతీయులు నటాలుకు వచ్చారు. వారిలో మన విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాలవారు ఎందరో ఉన్నారు. ఓడ ఎక్కేముందు వారిని కూడా అధికారి అడిగేవాడు: ఇష్టపూర్వకంగానే పోతున్నావా అని. అవునన్నారు, గిరిమిట్ కాగితం మీద వేలిముద్ర వేశారు. ఐదేళ్ళ చాకిరీ, మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు. అందులో ఏమి వ్రాసి ఉందో చదవగలిగినవారు ఎందరు? కరువు ఒకపక్క తరుముతుంటే పలికిన "అవును"కు విలువ ఎంత? స్పెయిన్ కుర్రవాని 100 డాలర్ల గురించి కూడా ఇదే ప్రశ్న వేయవచ్చు. నా మట్టుకు నేను ఆ పత్రాన్ని తీసిపారవేయను. అపాయం ఉన్నదని అందులో దాచకుండా చెప్పారు. మన గిరిమిట్ కాగితంలో చెరకుతోటల సంగతి అంత దాచకుండా చెప్పి ఉంటే ఎందరు ఓడ ఎక్కేవారో!

హవానాలో రీడ్ శిబిరంలో స్వచ్ఛందంగా వచ్చినవారు ఒక్కరూ మరణించలేదు. ఆ ధైర్యమే తరువాత పొరపాటుకు దారితీసింది. 1901లో హ్వాన్ గితేరాస్ అనే వైద్యుడు, ఆరోగ్యవంతులను దోమలచేత కుట్టిస్తే జ్వరం తేలికగా వచ్చిపోతుందనీ, ఆపైన జీవితాంతం రక్షణ ఉంటుందనీ భావించాడు. అంటే టీకా వంటిదే, కాకపోతే క్రిమిని బలహీనపరచే ఉపాయం లేదు. జ్వరం తేలికగా రాలేదు. ముగ్గురు చనిపోయారు. వారిలో క్లారా మాస్ అనే 25 ఏళ్ళ అమెరికన్ నర్సు ఒకరు. ఆమె ఆగస్టు 24న కన్నుమూసింది. క్రిమి బలం తగ్గించకుండా మనిషి ఒంట్లోకి పంపకూడదని ఆ ముగ్గురి ప్రాణాలతో తేలింది.

బలం తగ్గించాలంటే ముందు క్రిమిని పట్టుకోవాలి. అందుకు మరో ఇరవైఆరు సంవత్సరాలు పట్టింది. 1927 జూన్ 30న, నేటి ఘానాలోని క్‌పేవే అనే గ్రామంలో 28 ఏళ్ళ అసిబి అనే యువకునికి జ్వరం వచ్చింది. రాకెఫెల్లర్ సంస్థ వైద్యుడు మహాఫీ అతని రక్తం తీసి ఒక కోతికి ఎక్కించాడు. అంతవరకు ఆఫ్రికా కోతులతో చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. ఈ కోతి మాత్రం భారతదేశం నుండి తెచ్చినది. మనం గుళ్ళదగ్గర, రైలుస్టేషన్లలో చూసే రీసస్ జాతి కోతి. దానికి జ్వరం వచ్చి చనిపోయింది. క్రిమి దొరికింది.

అసిబి కోలుకున్నాడు. అతని రక్తం మాత్రం ప్రపంచమంతా తిరిగింది, నేటికీ తిరుగుతూనే ఉంది. ఆ క్రిమికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా "అసిబి". ఏ పుస్తకం తెరిచినా ఆ పేరు ఉంటుంది, ఆ మనిషిని గురించి ఒక్క వాక్యానికి మించి ఉండదు. హవానాలో వలె సంతకాలు, బంగారం అతని కథలో కనిపించవు.

పట్టుకున్నవారికి కూడా ఆ క్రిమి దయ చూపలేదు. ఆ సెప్టెంబరు 19న లాగోస్‌లో ఐర్లండు దేశస్థుడు ఏడ్రియన్ స్టోక్స్ అదే జ్వరంతో పోయాడు. మంచం మీద ఉండగానే తన రక్తాన్ని పరీక్షకు వాడుకోమని, దోమలను తనమీద వదలమని తానే చెప్పినవాడాయన. 1928 మే నెలలో ఆక్రాలో హిడెయో నొగూచి, కొద్దిరోజుల తేడాతో ఆయన శరీరాన్ని పరీక్షించిన విలియం యంగ్ మరణించారు. 1929లో బ్రెజిల్లో పాల్ లూయిస్, 1930లో లాగోస్‌లో థియొడోర్ హేన్. ఇలా ప్రయోగశాలలే శ్మశానాలవుతుంటే, టీకా ముందు కావలసింది శాస్త్రజ్ఞులకేనని తేలిపోయింది.

ఇక్కడ మన ప్రిటోరియావాడు ప్రవేశిస్తాడు. మాక్స్ థైలర్ 1899 జనవరి 30న జన్మించాడు. తండ్రి సర్ ఆర్నల్డ్ థైలర్ స్విట్జర్లండు నుండి వచ్చిన పశువైద్యుడు, ఆండర్‌స్టెపూర్ట్ పరిశోధనశాల స్థాపకుడు. ఆయన ఎడమచేయి గడ్డికోసే యంత్రంలో పడి పోయింది, ఆ ఒంటిచేత్తోనే అన్నీ సాధించాడు. కుమారుడు కేప్‌టౌన్‌లో, తరువాత లండన్‌లో చదివి 1922లో అమెరికా చేరాడు. కుర్రతనంలోనే, నొగూచి పచ్చజ్వరపు క్రిమి అని చెప్పినది అసలు అది కాదని, వేరే జ్వరపు క్రిమి అని నిరూపించినవారిలో ఆయన ఒకడు. 1929లో ఆయనకే ప్రయోగశాలలో పచ్చజ్వరం సోకింది. తేలికగా పోయింది, పైగా జన్మంతటికీ రక్షణ మిగిలింది.

1930లో ఆయన ఒక పెద్ద మేలు చేశాడు. ఖరీదైన కోతులకు బదులు, చవకగా దొరికే తెల్లఎలుక మెదడులోకి ఈ క్రిమిని ఎక్కిస్తే పెరుగుతుందని కనిపెట్టాడు. అలా ఎలుక నుండి ఎలుకకు మార్చగా మార్చగా క్రిమికి కాలేయం మీద పట్టు తగ్గింది. కాని మెదడు మీద మక్కువ పెరిగింది. ఒక వాకిలి మూస్తే మరొక వాకిలి తెరుచుకున్నట్లయింది. రాకెఫెల్లర్ ప్రయోగశాలలో విల్బర్ సాయర్, ఆయన సహచరులు దీనికి ఒక ఉపాయం పన్నారు. ఎలుక మెదడులో పెంచిన క్రిమితోపాటు, ఇదివరకే జ్వరం వచ్చి తగ్గినవారి రక్తరసాన్ని కూడా కలిపి ఎక్కించడం. 1931 మే నెలలో మొదటగా ఆ సూది వేయించుకున్నవాడు ఆ ప్రయోగశాలకే చెందిన డాక్టర్ బ్రూస్ విల్సన్. వేస్తున్నది ఏమిటో, దానివల్ల స్టోక్స్, నొగూచి ఏమయ్యారో పూర్తిగా తెలిసిన మనిషి. ఇష్టపూర్వకం అన్న మాటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఆయనకు ఏమీ కాలేదు. తరువాత తోటివారూ వేయించుకున్నారు. కాని ఒక్కొక్కరికి అంత రక్తరసం కావాలంటే ఊళ్ళకు ఊళ్ళు ఎలా పంచగలరు? ప్రయోగశాలవారికి, కొద్దిమంది ప్రయాణికులకు తప్ప అది అందే వస్తువు కాదు.

అందుచేత థైలర్ బృందం అసిబి క్రిమిని గాజుకుప్పెలలో పెంచడం మొదలుపెట్టింది. మొదట ఎలుకపిండపు ముక్కలలో, తరువాత పొదగబెట్టిన గుడ్డులోని కోడిపిండపు ముక్కలలో, ఆపైన మెదడు, వెన్నుపాము తీసివేసిన కోడిపిండంలో. ఒక కుప్పె నుండి మరొక కుప్పెకు, వందకు పైగా తరాలు. ఈ పని ఎలా జరుగుతుందో మన పిల్లలకు చెప్పాలంటే దూరం పోనక్కరలేదు. మూడు నాలుగు తరాలు పరదేశంలో పెరిగితే ముఖకవళికలు తాతగారివే ఉంటాయి, నోట తెలుగు మాత్రం రాదు. ఆ క్రిమి సంగతీ అంతే. కోడిపిండంలో తరాలు గడిచేసరికి మనిషి కాలేయపు భాషా, మెదడు భాషా మరచిపోయింది. కాని ముఖం మారలేదు. కావున మన శరీరం దానిని చూసి అసలు శత్రువును గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఈ మార్పు సుమారు 89వ తరానికి, 114వ తరానికి నడుమ జరిగింది. సరిగా ఏ తరంలో, ఎందుకు జరిగిందో అప్పుడు వారికి అంతుపట్టలేదు. ప్రయోగాల వరుసలో దాని గుర్తు 17-డి, అదే పేరు నిలిచిపోయింది.

కోతులమీద చూశాక 1936 చివర మనుషులమీద పరీక్ష. ఇక్కడ వారు పాటించిన వరుస గమనార్హం. ముందుగా ఇదివరకే రక్షణ ఉన్నవారికి వేశారు. మందులో మరేదైనా దోషం ఉంటే ముందు అక్కడే బయటపడాలని. తరువాతనే రక్షణ లేని కొద్దిమందికి. ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం, తలనొప్పి, నడుమునొప్పి, అంతే. కొద్దివారాలకే వారి రక్తంలో రక్షణ కనిపించింది. 1937లో హ్యూ స్మిత్ ఆ క్రిమిని బ్రెజిల్ తీసుకుపోయాడు. 1938 చివరికి అక్కడ పది లక్షలమందికి పైగా టీకాలు వేశారు.

ఇంత శుభంగా కథ ముగిస్తే వినడానికి బాగుండేది. కాని మందు చెడకుండా ఉండాలని అందులో మనిషి రక్తరసం కొద్దిగా కలిపేవారు. టీకా వేసిన కొన్ని నెలలకు కొందరికి కామెర్లు వస్తున్నాయని ఇంగ్లండులోను, బ్రెజిల్లోను వైద్యులు గమనించారు. బ్రెజిల్ 1940లో ఆ రక్తరసం మానివేసింది. అమెరికాలో మానలేదు. 1942లో అమెరికా సైన్యంలో సుమారు 50 వేలమంది సైనికులు కామెర్లతో ఆసుపత్రుల పాలయ్యారు. ఆ రక్తరసంలో కలిసి వచ్చినది హెపటైటిస్-బి క్రిమి అని, మొత్తం మూడు లక్షలమందికి పైగా సోకి ఉంటుందని 1987లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. ఆ సైనికులను "ఇష్టమేనా" అని ఎవరూ అడగలేదు. వరుసలో నిలబడమన్నారు, చొక్కాచేయి పైకి మడవమన్నారు. బ్రూస్ విల్సన్ తెలిసి చేయి అప్పగించాడు, వీరు ఆజ్ఞకు లోబడి అప్పగించారు. 1942 ఏప్రిల్‌లో రక్తరసం వాడకం ఆగింది.

బ్రెజిల్లో మరొక దెబ్బ. క్రిమి తరతరానికీ మారుతూనే ఉంటుంది గదా. 1941లో ఒక తరం మందు వేసినవారిలో కొందరికి మెదడువాపు వచ్చింది. అప్పుడు రైతులకు వేల ఏళ్ళ నుండి తెలిసిన పద్ధతిని శాస్త్రజ్ఞులు అవలంబించారు. నిరుటి పంటలో మిగిలినది మళ్ళీ మళ్ళీ చల్లుకుంటూ పోకుండా, మంచి విత్తనపు వడ్లు గాదెలో విడిగా దాచి, ప్రతిసారీ అందులోనుండే తీయడం. నేటికీ 17-డి టీకా అలా దాచిన విత్తనం నుండే తయారవుతుంది.

థైలర్ వద్ద 1930ల మొదట్లో యూజెన్ హాగెన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పనిచేశాడు. ఈ క్రిమిని గాజుకుప్పెలో పెంచడం గురించి 1932లో ఇద్దరి పేర్లతోనూ ఒక పత్రం వెలువడింది. తరువాత హాగెన్ జర్మనీకి తిరిగిపోయి, యుద్ధకాలంలో స్ట్రాస్‌బుర్గ్‌లో ఆచార్యుడయ్యాడు. దగ్గరలోని నాట్స్‌వైలర్ నిర్బంధశిబిరంలో, టైఫస్ జ్వరానికి బలహీనపరచిన సజీవక్రిమితో తాను చేసిన టీకాను ఖైదీలమీద ప్రయోగించాడు. వారిలో ఆష్విట్స్ నుండి రప్పించిన రోమా జాతివారు ఉన్నారు. వందల ఏళ్ళ క్రిందట మన భారతదేశం నుండి పడమరకు వలసపోయినవారి సంతతి ఆ రోమాలు. వచ్చినవారు మరీ చిక్కిపోయి పరీక్షకు పనికిరారని, వేరేవారిని పంపమని హాగెన్ ఫిర్యాదు చేశాడు! యుద్ధం తరువాత, 1954లో లియోన్ నగరంలోని ఫ్రెంచి సైనిక న్యాయస్థానం అతనికి 20 సంవత్సరాల శిక్ష విధించింది. కొద్దికాలానికే విడుదలయ్యాడు కూడా. థైలర్, హాగెన్ ఇద్దరిదీ ఒకే విద్య, ఒకప్పుడు ఒకే ప్రయోగశాల. అడగడం, అడగకపోవడం దగ్గర దారులు వేరయ్యాయి. నాజీ వైద్యులను విచారించిన న్యూరెంబర్గ్ న్యాయస్థానం 1947లో ఇచ్చిన తీర్పులో, పరీక్షకు లోబడే మనిషి స్వచ్ఛందమైన సమ్మతి తప్పనిసరి అన్న నియమాన్ని అన్నిటికంటె ముందు వ్రాసింది.

థైలర్‌కు 1951లో నోబెల్ బహుమతి లభించింది. ఆఫ్రికా ఖండంలో పుట్టినవారిలో ఆ బహుమతి పొందిన మొదటివాడు ఆయనే. 1972లో అమెరికాలో మరణించాడు. కోట్లాదిమందికి పడిన ఆ టీకా మీద ఆయన సొంత హక్కు ఏదీ పెట్టుకోలేదు.

కుప్పెలలో జరిగిన ఆ మార్పు ఏమిటన్నది 1980లలో బయటపడింది. పచ్చజ్వరపు క్రిమి అంతా కలిపి 10,862 అక్షరాల వ్రాత వంటిది. అసిబి ఒంట్లోని క్రిమికి, 17-డికి నడుమ మారినవి 68 అక్షరాలు మాత్రమే.

ఇప్పుడు ఆ టీకా వేయించుకోబోయే మనవారికి ఒకటి రెండు సంగతులు మనవి చేస్తాను. 2016 జూలై 11 నుండి ఆ పసుపు పుస్తకంలోని ముద్ర జీవితాంతం చెల్లుతుంది. పదేళ్ళకొకసారి మళ్ళీ వేయించుకోవలసిన పాత నియమం పోయింది. బలహీనపరచినదైనా అది ప్రాణం ఉన్న క్రిమి. లక్షల్లో ఏ ఒక్కరికో అది ఒంట్లో విజృంభించి ప్రాణం మీదికి తెస్తుందని 2001లో వెల్లడైంది. అరవై ఏళ్ళు దాటినవారిలో ఈ అపాయం కొంత ఎక్కువ. కోడిగుడ్డు పడనివారు, గర్భిణీ స్త్రీలు, రోగనిరోధకశక్తి తగ్గినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. క్లినిక్కులో నర్సు ఇవన్నీ అడిగి ఒక కాగితం మీద సంతకం తీసుకుంటుంది. మన ఇళ్ళలోని పెద్దవారు తరచు దానిని చదవకుండానే సంతకం పెట్టి, మనుమల చేతికి ఇచ్చేస్తారు. పక్కన ఉన్నవారు అది చదివి, తెలుగులోనో వారికి తెలిసిన భాషలోనో చెప్పడం మంచిది. వయస్సు రీత్యా, ఆరోగ్యం రీత్యా టీకా వద్దని డాక్టరు తలిస్తే మినహాయింపు పత్రం వ్రాసి ఇస్తారు. ఐతే దానిని అంగీకరించేదీ లేనిదీ దిగబోయే దేశపు అధికారుల ఇష్టం. కాబట్టి టిక్కెట్లు కొనేముందే విచారించుకోవాలి.